మైకు లేని కచేరీ: పియానో, ఆర్కెస్ట్రా వినడానికి అనంతపురం నుంచి ముంబై

ముందే చెప్పేస్తాను. రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ కూర్చుని ముంబై పోయి, రెండు గంటల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం విని రావడానికి ఇంత డబ్బూ ఇన్ని సెలవులూ అవసరమా అని మా ఆఫీసులో అడగనివాళ్లు లేరు. అవసరమే. సంగీతం అంటే కాస్తయినా ఇష్టం ఉన్నవాళ్లు ఒక్కసారైనా వెళ్లి వినాల్సింది ఇది. అక్కడ వినపడేది ఫోన్లో దొరకదు, ఎంత ఖరీదు పెట్టిన హోమ్ థియేటర్లోనూ దొరకదు. ఎందుకు దొరకదో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మేం వెళ్లింది నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సిపిఎకి, అంటే నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌కి. 1969లో జె.ఆర్.డి. టాటా, జంషెడ్ భాభా కలిసి మొదలుపెట్టిన సంస్థ అది. అందులో చాలా హాళ్లున్నాయి. ఆర్కెస్ట్రా, అంటే పదుల కొద్దీ వాద్యాలు కలిసి వాయించే బృందం, కచేరీలు చేసే పెద్ద హాలు జంషెడ్ భాభా థియేటర్, 1999లో తెరిచారు, 1,109 సీట్లు. సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాకి ఇల్లు అదే. ఖుష్రూ సంతూక్, కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గలియెవ్ కలిసి 2006లో దాన్ని నిలబెట్టారు. మన దేశంలో ఈ స్థాయిలో పూర్తికాలం నడిచే వృత్తి ఆర్కెస్ట్రా ఇదొక్కటే. ఏడాదికి రెండు సీజన్లు నడుపుతారు, ఒకటి ఫిబ్రవరి ప్రాంతంలో, ఇంకొకటి సెప్టెంబరు ప్రాంతంలో.

నాతో వచ్చింది మా నాయన. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని, డ్యూటీలు లేని రోజుల్లో రామనవమి పందిళ్లలో, భజనల్లో వాయించేవాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డులు వింటూ పెరిగిన మనిషి. ఇళయరాజా 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన, భాగాలుగా సాగే పెద్ద రచన) వినిపించారని పేపర్లో చదివినప్పటినుంచి, అంతమంది ఒకేసారి వాయిస్తే ఎట్లుంటుందో ఎదురుగా కూర్చుని వినాలని ఆయన పట్టు పట్టాడు. అందుకే ఈ ప్రయాణం.

హాల్లోకి పోయి కూర్చున్న కాసేపటికి ఆయన అడిగిన మొదటి మాట: "ఏం పాపా, మైకులు యాడ పెట్టినారు? ఒగటీ కనపడ్లేదే."

లేవు. ఒక్కటీ లేదు. స్పీకర్ బాక్సులు లేవు, మిక్సర్ బల్ల లేదు, వైర్లు లేవు. స్టేజీ మీద కుర్చీలు, స్టాండ్లు, కాయితాలు, అంతే. అక్కడ పుట్టిన శబ్దం కర్రలోంచి, తీగలోంచి, ఇత్తడిలోంచి, గాలిలోంచి నేరుగా మన చెవికి వస్తుంది. దీని విలువ మన ఊర్లో పెరిగినవాళ్లకి ఎవరికన్నా బాగా అర్థమవుతుందని నా నమ్మకం. లలితకళాపరిషత్‌లో కచేరీ అయినా, కల్యాణ మండపంలో పెళ్లి కచేరీ అయినా మనం వినేది మైకు సెట్టాయన చెయ్యి. ఆయన మృదంగం పెంచితే మృదంగం, గొంతు పెంచితే గొంతు, మధ్యలో కుయ్‌మని కూత. మా నాయన జీవితమంతా మోసిన బాధ ఇదే. "మనం ఎంత మెత్తగా వాయించినా వాళ్లు పెట్టిందే సౌండు" అనేవాడు. ఇక్కడ పెంచేవాళ్లు, తగ్గించేవాళ్లు ఎవరూ లేరు, పెరిగినా తగ్గినా వాయించే చేతుల్లోనే. దగ్గర దగ్గర డెబ్బై మంది ఒకరినొకరు వింటూ, ఎదురుగా నిల్చుని అందరినీ నడిపించే కండక్టర్ చేతిని చూస్తూ, ఎవరు ఎంత తగ్గాలో తామే తగ్గుతారు.

ఆ రోజు కార్యక్రమం ఇది. మొదట జర్మన్ సంగీతకర్త బీథోవెన్ రాసిన కొరియొలన్ ఓవర్చర్ (ఆర్కెస్ట్రాకి రాసిన చిన్న రచన), తర్వాత ఆయనదే పియానో కన్చెర్టో (ఒక పియానో, దానికి జోడీగా ఆర్కెస్ట్రా వాయించే రచన) నంబర్ 4, విరామం తర్వాత డ్వొరాక్ అనే సంగీతకర్త తొమ్మిదో సింఫనీ. ఓవర్చర్ ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. బాగుంది, గట్టిగా ఉంది. కానీ మేం వచ్చింది పియానో కోసం, మా మనసంతా దాని మీదే ఉండింది.

ఓవర్చర్ అయ్యాక చేసే ఏర్పాట్లు కూడా చూడదగ్గవే. వయొలిన్‌వాళ్ల కుర్చీలు పక్కకి జరిపి, తొమ్మిదడుగుల పొడవున్న గ్రాండ్ పియానోని చక్రాల మీద నెట్టుకొచ్చి నడిమధ్య నిలబెడతారు. అరటన్నుకి అటూ ఇటూగా బరువుండే వస్తువు. లోపల 230 దాకా తీగలు, అన్నీ కలిపి ఇరవై టన్నులకి దగ్గరగా లాగుతుంటాయి కాబట్టి పోత ఇనుప చట్రం లేకపోతే ఆ బిగువుకి కర్ర నిలవదు. మూత తెరిచి పొడుగు కర్రతో నిలబెడతారు, పైకి పోయే శబ్దాన్ని ఆ మూతే జనం వైపు తిప్పుతుంది. పియానోని అప్పటికప్పుడు శ్రుతి చేయడం కుదిరే పని కాదు, ట్యూనర్ ముందే వచ్చి గంటల తరబడి కూర్చుని చేసి పోతాడు. అందుకని మామూలుగా ఓబో అనే ఊదే వాద్యం ఇచ్చే శ్రుతికి కలిసే ఆర్కెస్ట్రా, పియానో ఉన్నప్పుడు మాత్రం పియానోకే కలుస్తుంది. మొదటి వయొలిన్ విద్వాంసురాలు లేచి పియానో మీద ఒక్క మెట్టు నొక్కింది, అందరూ దానికి తీగలు సరిచేసుకున్నారు. మా నాయన ముందుకు వంగి కూర్చున్నది అప్పుడే, చివరిదాకా వెనక్కి వాలలేదు.

ఇక కన్చెర్టో. అప్పటి పద్ధతి ప్రకారం ముందు ఆర్కెస్ట్రా అంతా కాసేపు వాయించి బాట వేస్తే, తర్వాత పియానో రావాలి. ఈ నాలుగోదానిలో బీథోవెన్ ఆ పద్ధతి మార్చేశాడు. మొట్టమొదట పియానో ఒక్కటే, అదీ మెత్తగా, అయిదు బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటి కొలతలు) వాయించి ఆగిపోతుంది. కండక్టర్ చేతులు కట్టుకున్నట్టు నిల్చున్నాడు, డెబ్బై మంది కదలకుండా కూర్చున్నారు, వెయ్యి మంది జనం ఉన్న హాల్లో ఒకాయన పది వేళ్లు పెట్టి, పక్కనున్నవాళ్లతో మాట్లాడినంత నెమ్మదిగా ఒక మాట అన్నాడు. అది మాకు, ఎక్కడో పైన కూర్చున్నవాళ్లకి, అక్షరం పొల్లుపోకుండా వినపడింది. ఆ తర్వాత తీగ వాద్యాలు జవాబు చెప్తాయి, అదీ అనుకున్న చోట నుంచి కాదు, జి మేజర్ నుంచి జరిగి బి మేజర్ నుంచి. అది తెలియకపోయినా ఫరవాలేదు, ఎవరో పక్క గది తలుపు తీసినట్టు వెలుతురు మారడం చెవికి తెలిసిపోతుంది. ఇది ఫోన్లో చాలాసార్లు విని పోయాను నేను. ఫోన్లో ఆ మొదటి అయిదు బార్లు సరిగా వినపడాలంటే సౌండు పెంచుకోవాలి, పెంచితే తర్వాతది చెవులు బద్దలు కొడుతుంది, తగ్గిస్తే మొదటిది పోతుంది. హాల్లో ఆ బాధ లేదు. మెత్తనిది మెత్తగా ఉంటూనే నిండుగా ఉంది.

దీన్ని మొదట 1807 మార్చిలో వియన్నాలో లొబ్కొవిట్స్ ప్రభువు భవనంలో కొద్దిమంది ముందు వాయించారు. జనం ముందుకొచ్చింది 1808 డిసెంబరు 22న. చలికాలం, వేడి సరిగా లేని థియేటరు, నాలుగు గంటల కచేరీ, ఆయన అయిదో సింఫనీ, ఆరో సింఫనీ కూడా ఆ రాత్రే మొదటిసారి వినిపించారు. పియానో ముందు కూర్చున్నది బీథోవెనే, అప్పటికే చెవులు మందగిస్తున్నాయి. ఆ తర్వాత ఆయన ఆర్కెస్ట్రాతో కలిసి కొత్త కన్చెర్టో తానే జనం ముందు వాయించలేదు. ఇంత గొప్ప రచనని చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1836లో మెండెల్సన్ అనే సంగీతకర్త లైప్‌జిగ్‌లో వాయించి మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. మన త్యాగరాజు పుట్టింది 1767లో, బీథోవెన్ 1770లో. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇంత సంగీతం చేశారని రైల్లో చెప్తే మా నాయన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మొదటి భాగం చివర కెడెంజా అని వస్తుంది. ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోయి పియానో ఒంటరిగా సాగుతుంది. మన కచేరీలో మృదంగం ఒంటరిగా సాగే తని ఆవర్తనం వినేవాళ్లకి అది కొత్తగా అనిపించదు. ఒకప్పుడు విద్వాంసులు అక్కడికక్కడే అల్లుకుని వాయించేవాళ్లు. ఈ కన్చెర్టోకి బీథోవెన్ తానే కెడెంజాలు రాసిపెట్టాడు, ఇప్పుడు ఎక్కువమంది అవే వాయిస్తారు. ఆ రోజు విన్నదీ అదే. మేం ఎడమ వైపు టికెట్లు తీసుకున్నాం కాబట్టి పియానో ఆయన వేళ్లు బాగా కనపడ్డాయి. మీరూ ఎడమ వైపే తీసుకోండి. పియానో విద్వాంసుడి కుడి భుజం జనం వైపు ఉంటుంది, కుడి పక్క సీట్లలో కూర్చుంటే మూతా ముఖమూ కనపడతాయి గానీ చేతులు కనపడవు. ఒక చోట రెండు చేతులూ ట్రిల్ పట్టాయి, పక్కపక్క మెట్లు రెండు ఎడతెగకుండా మోగడం. ఎడమ చేతి చిటికెన వేలు ఆ కదలికకి ఏ సంబంధం లేనట్టు చాపి నిశ్చలంగా ఉంది. వేలు వేలుకీ విడిగా ప్రాణం ఉంటే తప్ప అట్ల కుదరదు. నిజం చెప్తున్నా, నేనంతసేపు ఆ చిటికెన వేలినే చూశాను.

రెండో భాగం గురించి రాయడానికే ఈ రివ్యూ మొదలుపెట్టాను. అయిదు నిమిషాలే ఉంటుంది. తీగ వాద్యాలన్నీ కలిసి ఒకే వరుస, కటువుగా, కోపంగా, గద్దించినట్టు వాయిస్తాయి. పియానో బతిమాలినట్టు మెత్తగా జవాబు చెప్తుంది. వాళ్లు మళ్లీ గద్దిస్తారు, ఇది మళ్లీ నెమ్మదిగానే చెప్తుంది, గొంతు పెంచదు. అట్లా అట్లా వాళ్ల గొంతే తగ్గుతూ వచ్చి చివరికి గుసగుస అయిపోతుంది. పియానో కింద ఎడమ పెడల్ నొక్కితే లోపల సుత్తులన్నీ కొంచెం పక్కకి జరిగి తీగలకి తక్కువగా తగులుతాయి, శబ్దం మసక బారుతుంది. బీథోవెన్ ఈ భాగాన్ని దాదాపు మొత్తం ఆ పెడల్ నొక్కిపెట్టే వాయించమని రాశాడు. అంత మెత్తని శబ్దం అంతమంది తీగ వాద్యాల ఎదురుగా నిలబడి గెలుస్తుంది. మైకుతో ఇది చేస్తే అర్థమే లేదు. ఏది బలం, ఏది బలహీనం అని తేల్చేది మిక్సర్ అయినప్పుడు గెలుపేముంది? ఇక్కడ బలహీనంగా ఉన్నది నిజంగానే బలహీనంగా ఉంది, అయినా హాలంతా దాని వైపు తిరిగింది.

అదే సమయంలో కింద ఎక్కడో ఒక ఫోను మోగింది. పాట రింగ్‌టోను. ఎవరిదో తెలియదు, రెండు మూడు సార్లు మోగి ఆగింది. పియానో ఆయన తల కూడా తిప్పలేదు. దయచేసి, ఇట్లాంటి చోటికి పోయేటప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టడం కాదు, స్విచాఫ్ చేయండి. వైబ్రేషన్ కూడా వినపడుతుంది అక్కడ, అంత నిశ్శబ్దం. జనం దగ్గు సైతం ఆపుకుని, ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య దొరికే ఖాళీలో దగ్గుకుంటున్నారు.

చప్పట్ల సంగతి కూడా చెప్పాలి, మొదటిసారి పోయేవాళ్లకి దీని టెన్షన్ ఎక్కువ. కన్చెర్టోలో మూడు భాగాలు, సింఫనీలో నాలుగు. మధ్యలో చప్పట్లు కొట్టకుండా అంతా అయ్యాక కొట్టడం ఇప్పటి ఆనవాయితీ. మొదటి భాగం అవ్వగానే కొందరు కొట్టారు, పియానో ఆయన నవ్వి తల ఊపాడు. బీథోవెన్ కాలంలో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు మామూలే. కాబట్టి ఎవరైనా కొడితే వాళ్లని వెనక్కి తిరిగి గుర్రుగా చూడాల్సిన పని లేదు. అనుమానంగా ఉంటే కండక్టర్ జనం వైపు తిరిగేదాకా ఆగండి, చాలు.

మూడో భాగం హుషారుగా ఉంటుంది. ట్రంపెట్లు, టింపనీ (పెద్ద నగారాల్లాంటివి) ఈ రచనలో మొదటిసారి నోరు విప్పేది ఇక్కడే, అంతవరకు రెండు భాగాలూ ఖాళీగా కూర్చుంటాయి. టింపనీ ఆయన మధ్యలో రెండు మూడు సార్లు వంగి చర్మానికి చెవి ఆనించి, వేలితో తట్టి శ్రుతి చూసుకోవడం మా సీట్ల నుంచి కనపడింది. మిగతా అందరూ వాయిస్తుంటే ఆ హోరులో తన శ్రుతి ఒక్కటీ ఎట్లా పట్టుకుంటున్నాడో! "మన మృదంగం ఆయన గూడ ఇట్లే జేస్తాడు, అయితే కచేరీ ఆపి జేస్తాడు" అన్నాడు నాయన. అయ్యాక హాలు హాలంతా లేచి నిలబడింది. పియానో ఆయన మళ్లీ వచ్చి ఒంటరిగా ఒక చిన్న ముక్క వాయించి పోయాడు.

విరామం తర్వాత డ్వొరాక్. ఇది అందరికీ సులభంగా నచ్చుతుంది, పెద్ద ఆర్కెస్ట్రా, పెద్ద రాగాలు, ఎక్కడా విసుగు ఉండదు. 1892లో న్యూయార్క్‌లో సంగీత కళాశాల నడపడానికి బొహేమియా (ఇప్పటి చెక్ దేశంలో ఒక భాగం) నుంచి వెళ్లిన మనిషి, 1893లో అక్కడే రాశాడు, ఆ డిసెంబరులోనే కార్నెగీ హాల్లో మొదటి ప్రదర్శన. రెండో భాగంలో కోర్ ఆంగ్లే అనే వాద్యం మీద ఇంటి మీద బెంగపడ్డట్టుండే ఒక పాట వస్తుంది, ఆ వాద్యం ఓబో కన్నా పొడుగ్గా ఉండి చివర చిన్న ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది. కడప నుంచి కువైట్ పోయినవాళ్లెవరికైనా అది వినిపిస్తే ఇంకేం చెప్పనక్కర్లేదు.

నేను ఈ సింఫనీలో చూడాలని కాచుక్కూర్చున్నది వేరే. వెనక వరుసలో ఇత్తడి తాళాలు పట్టుకునే ఆయన. మూడో భాగంలో ట్రయాంగిల్ (త్రికోణంగా వంచిన ఉక్కు కడ్డీ) కొంచెం మోగించాడు, కానీ తాళాలు మాత్రం నలభై నిమిషాల సింఫనీలో ఒక్కసారే, నాలుగో భాగంలో, అదీ పెద్దగా కాదు. నాలుగో భాగం ఉరుకుతూ మొదలైంది, ఆయన నెమ్మదిగా లేచి నిలబడి తాళాలు చేతిలోకి తీసుకుని, పెదవులు కదుపుతూ లెక్క పెట్టుకుంటున్నాడు. వచ్చింది చోటు. రెండిటినీ ఒకదానికొకటి రాసినట్టు తాకించాడు, ఇస్స్‌మని మెరిసినట్టు ఒక శబ్దం, తాళాల్ని ఛాతీ దగ్గరికి తెచ్చి మోత ఆపేసి కూర్చున్నాడు. ట్యూబా అనే ఇత్తడి ఊదే వాద్యం కథ కూడా ఇంతే, అంత పెద్ద వాద్యానికి రెండో భాగంలో మాత్రమే పని, అదీ గుప్పెడు స్వరాలు. రికార్డింగులో ఆ తాళం శబ్దం ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో నాకు ఒక్కసారీ పట్టుబడలేదు. ఎదురుగా చూస్తుంటే, ఆ ఒక్క దెబ్బ కోసం ఒక మనిషి ఇంత శ్రద్ధగా కాచుకున్నాడనేది కళ్లారా కనపడింది. సోలో వాయించిన ఆయనకి పూలు ఇచ్చారు, సంతోషం. తాళాల ఆయనకి నేను విడిగా చప్పట్లు కొట్టాను.

మా నాయనకి నచ్చనిది లేకపోలేదు. పియానోలో గమకం రాదు, మెట్టుకి మెట్టుకి మధ్య ఉండే జారు దానికి లేదు, "స్వరాలన్నీ నిటారుగ నిలబడుకోనుండాయి" అని ఆయన మాట. అది నిజమే, ఆ సంగీతం వెతికేది వేరే, ఒకేసారి నాలుగైదు వరుసలు నడవడంలో దాని అందం ఉంది. మొదటిసారి వినేవాళ్లకి నా సలహా, పైన వినపడే పాటని వదిలేసి కాసేపు కింద డబుల్ బేసుల్ని (వయొలిన్ లాంటివే, బాగా పెద్దవి, మంద్ర స్థాయివి) మాత్రమే వినండి, ఆ తర్వాత మళ్లీ పైకి రండి. కట్టడం మొత్తం తెలుస్తుంది. కానీ వయొలిన్‌వాళ్ల కమానులు మాత్రం ఆయనకి పిచ్చిగా నచ్చాయి. అందరివీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. ఏ స్వరానికి కమాను ఎటు లాగాలో ముందే తేల్చుకుని కాయితాల మీద గుర్తులు పెట్టుకుంటారు. ఇంటికొచ్చాక పెట్టెలోంచి తన వయొలిన్ తీసి, కమాను పైకి కిందికి లాగుతూ చూసుకుంటున్నాడు.

ఖర్చు విషయం. స్టేజీకి దగ్గర సీట్లు బాగా ఖరీదు, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. దగ్గర సీట్ల కోసం అప్పులు చేయక్కర్లేదు, పైన కూర్చుంటేనే వెనక వరుసల వాద్యాలు కనపడతాయి, శబ్దం కూడా బాగా కలిసి వస్తుంది. ఆలస్యంగా పోతే ఒక రచన ముగిసేదాకా బయట ఆగాల్సి వస్తుంది కాబట్టి అరగంట ముందే చేరండి. ఏసీకి పెద్దవాళ్లకి శాలువా ఉండాలి. బట్టల గురించి భయం వద్దు, మా నాయన తెల్ల పంచెలో వచ్చాడు, ఎవరూ వింతగా చూడలేదు, పక్క సీటు పార్సీ ముసలాయన ఆయనతో విరామమంతా వయొలిన్ గురించి మాట్లాడాడు, సగం హిందీ సగం చేతులు.

ప్రయాణానికి అనంతపురం నుంచి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ సుఖం, గుంతకల్లు, రాయచూరు, సోలాపూర్ మీదుగా నేరుగా ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దింపుతుంది, అక్కడి నుంచి నారిమన్ పాయింట్‌కి టాక్సీలో కొద్ది దూరమే. కడప వాళ్లకి చెన్నై–ముంబై లైన్లో బండ్లున్నాయి. ఏది ఎక్కినా కచేరీ ముందురోజుకే చేరేట్టు చూసుకోండి, బండి ఆలస్యమైతే టికెట్ వృథా. మేం దిగిన లాడ్జి గురించి చెప్పడానికి మంచి మాట ఏదీ లేదు, దాని జోలికి పోను, గది మాత్రం ముందే చూసి తీసుకోండి. వచ్చే సీజన్ కార్యక్రమాలు ప్రకటించగానే ముందు పియానో ఉన్న రోజు చూసుకుని కచేరీ టికెట్, వెంటనే రైలు టికెట్ చేసుకోండి. ఉద్యాన్‌లో వెయిటింగ్ లిస్టు చాలా తొందరగా పెరిగిపోతుంది.